కన్నమ్మ హోటల్ ఆఖరి పులుసు

అండమాన్ వెళ్లొచ్చినవాళ్లు జైలు గోడలూ, పగడపు దిబ్బలూ, తెల్లటి ఇసుకా ఫొటోలు తీసుకొచ్చి చూపిస్తారు. నేను కిందటి మాఘమాసంలో వెళ్లి పన్నెండు రోజులు ఉండి వచ్చాను. నా దగ్గరున్నవి మూడే ఫొటోలు. మూడింట్లోనూ గిన్నెలే. "ఇంత సముద్రం దాటి వెళ్లి గిన్నెలకి ఫొటోలు తీసుకొచ్చిన మగమనిషి మీరొక్కరే" అంది మా ఆవిడ. వంటవాడి యాత్ర ఇలాగే ఉంటుంది మరి. చూడదగ్గ ప్రదేశాలు కావలసినవాళ్లు ఇంకెవరినైనా అడగండి. నేను చెప్పేది ఒక పులుసు గురించి, అది వండిన హోటల్ గురించి.

నా పేరు అప్పారావు. పుట్టింది సోంపేట దగ్గర, ఇప్పుడు విశాఖపట్నంలో పెళ్లిళ్లకీ పేరంటాలకీ వంటలు చేయిస్తుంటాను. అంతకు ముందు తొమ్మిదేళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో, బతు బస్తీలోని కన్నమ్మ హోటల్లో వంట మాస్టర్ని. ఆ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పడం నా అలవాటు. చెప్పనిది ఒకటుంది. సునామీ వచ్చిన మూడు వారాలకి, అక్కడ పని నెత్తిమీదున్న సమయంలో, మా అమ్మ ఫోన్లో ఏడ్చిందని నేను ఓడెక్కి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

పదిహేడేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. "మావయ్యా, నేను పింకీని. నానమ్మ మాట్లాడతాదంట, హోల్డ్ కరో" అంది ఒక ఆడపిల్ల. పింకీ అంటే కన్నమ్మ గారి మనవరాలు. నేను వచ్చేసినప్పుడు రెండు పిలకలతో బల్లల కింద దూరి ఆడుకునేది.

తర్వాత ఆ గొంతు వినిపించింది. "ఒరే అప్పారావూ! మన పింకీ పెళ్లి. హోటల్ మూసీసి నాలుగేళ్లయింది, తెలుసు కదా. విందులో మన హోటల్ పులుసే పెడతానని ఊరందరికీ సెప్పీసినాను. నా మోకాళ్లు నిలబడనివ్వట్లేదు. వస్తావా, రావా?"

వస్తానత్తా అన్నాను. నేను పారిపోయి వచ్చిన సంగతి ఆవిడ ఎత్తలేదు. పదిహేడేళ్లలో ఫోన్ చేసిన ఏ ఒక్కసారీ ఎత్తలేదు. తిడితే బాగుండేది. తిట్టకపోతే ఇంకా లెక్కలో ఉన్నామో లేదో తెలియదు. ఊరి ముందు ఆవిడ మాట నిలబెట్టాలి, ఆవిడ నోటితో నేను ఆ హోటల్ మనిషినని అనిపించుకోవాలి. నేను వెళ్లింది ఆ రెండింటికే.

ఓడ మీద

విమానంలో రెండు గంటలు. అయినా ఓడెక్కాను, ఎందుకంటే నా వెంట పది కిలోల చింతపండు ఉంది. పాడేరు సంతలో ఏరి కొన్న పాత చింతపండు, నల్లగా, జిగురుగా, చేత్తో తాకితేనే నోట్లో నీళ్లూరేది. దీవుల్లో దొరికే చింతపండు మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. పులుసుకి ప్రాణం చింతపండని నేను శిష్యులకి పాఠంలా చెబుతాను.

బంకు క్లాసులో పైన ఒకరు, కింద ఒకరు. రెండో రోజుకి ఓడ ఊగడం మొదలైంది. క్యాంటీన్‌లో పెట్టిన అన్నం, ఉడికీ ఉడకని పప్పు చూసి జనం మొహాలు తిప్పుకున్నారు. నా కింది బంకులో ఒక టీచరమ్మ ఉన్నారు. ఉద్యోగం మీద పాతికేళ్ల కిందట పోర్ట్ బ్లెయిర్ వెళ్లి అక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడినవారు. ఆవిడ తలకి గుడ్డ కట్టుకుని, కళ్లు మూసుకుని, "మాస్టారూ, మీ బుట్టలోంచి చింతపండు వాసనొస్తోంది. ఒక్క రెబ్బ ఇవ్వరూ, పుణ్యముంటుంది" అన్నారు.

ఇచ్చాను. అది చప్పరించి ఆవిడ లేచి కూచున్నారు. ఇంకేముంది, గంటలో బంకు క్లాసంతా నా బుట్ట చుట్టూ చేరింది. "చింతపండు అంకుల్, ఏక్ టుక్డా" అని బెంగాలీలు, "భయ్యా, థోడా ఔర్" అని రాంచీ కూలీలు. మూడో రోజుకి కిలోన్నర పోయింది. విశాఖలో ఎవరైనా నా సరుకు మీద చెయ్యి వేస్తే ఊరుకునేవాణ్ని కాదు.

ఎక్కడికని అడిగారు టీచరమ్మ. కన్నమ్మ హోటల్ పేరు చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయ్యో, కన్నమ్మ హోటలా! నేను మొదటిసారి ఓడ దిగినప్పుడు తిన్నది అక్కడే. డబ్బులిస్తే తీసుకోలేదు."

నిజమే. అది ఆ హోటల్ ఆచారం. మెయిన్‌లాండ్ నుంచి ఓడ వచ్చిన రోజున, కొత్తగా దిగి కాళ్లు తేలిపోతున్నవాళ్లు ఎవరొచ్చినా, వాళ్లకి ముందు పెట్టేది మిరియాల చారన్నం. ఉత్త చారు, మెత్తటి అన్నం, పక్కన కాల్చిన అప్పడం. అది ఊరికే. "మూడు రోజులు సముద్రం కుదిపేసిన కడుపది. దానికి ముందు నేల మీదకొచ్చినట్టు తెలియాల" అనేది కన్నమ్మ గారు. దాని తర్వాత ఎవరేం తిన్నా వ్యాపారం. మా వైపు హోటళ్లలో కూచోగానే నీళ్ల గ్లాసు పెడతారు. ఆవిడ చారన్నం పెట్టేది.

"ఆ పులుసు రుచి ఇంకెక్కడా రాదండీ. ఆ పులుపే వేరు" అన్నారు టీచరమ్మ. నేను బుట్ట వైపు చూసి మీసం సవరించుకున్నాను.

బతు బస్తీ

హోటల్ ఉన్న చోట ఇప్పుడు మొబైల్ షాపు ఉంది. గాజు తలుపు, లోపల నీలం లైట్లు. నేను పొయ్యి ముందు నిలబడ్డ చోట ఒక కుర్రాడు స్క్రీన్ గార్డులు అతికిస్తున్నాడు. ఏం కావాలి అని హిందీలో అడిగాడు. ఏమీ వద్దని బయటికొచ్చేశాను. కొంచెం సేపు రోడ్డు మీదే నిలబడ్డాను. బాధేసింది.

ఆరు బల్లలు ఉండేవి అక్కడ. ఆరింటి మీదా ఎవరు ముందొస్తే వాళ్లు. తమిళ మేస్త్రీ పక్కన బెంగాలీ మాస్టారు, ఆయన పక్కన రాంచీ నుంచొచ్చిన కూలీ, ఎదురుగా మన గుంటూరు గుమస్తా. అప్పట్లో మా ఊళ్లో హోటళ్లలో ఎవరి మూల వాళ్లకుండేది. ఇక్కడ ఎవరూ ఎవరినీ మీరేమిట్లు అని కులం అడగరు. అడిగినవాణ్ని కన్నమ్మ గారే అడిగేది: "అన్నం కావాలా, జాతకాలు కావాలా?"

సందులోకి వెళ్తే వాళ్ల ఇల్లు. గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఉల్లిపాయలు ఒలుస్తోంది కన్నమ్మ గారు. ఆవిడ తాత బ్రిటిషువాళ్ల కాలంలో భీమిలి వైపు నుంచి వచ్చాడట. ఆవిడ పుట్టింది, పెరిగింది, వ్యాపారం చేసింది, భర్తని పోగొట్టుకున్నది అన్నీ ఈ దీవిలోనే. జుట్టు మొత్తం తెల్లబడింది. గొంతు మాత్రం తగ్గలేదు.

"ఒచ్చీసినావా? కాళ్లు కడుక్కో. తినీసి మాటాడుదువు గాని" అంది. పింకీ కంచంలో చారన్నం పెట్టింది. తల వంచుకుని తిన్నాను.

పింకీ ఇప్పుడు బళ్లో చిన్నపిల్లలకి పాఠాలు చెబుతుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే తడబడుతుంది. శుభలేఖ హిందీలో, ఇంగ్లీషులో వేయించారు. "మావయ్యా, టెన్షన్ మత్ లో. సబ్ రెడీ హై. ఫిష్ జంగ్లీఘాట్‌లో చెప్పేశాం. పెళ్లికొడుకు వాళ్లు కాకినాడ నుంచి ఫ్లైట్‌లో వస్తన్నారు. వాళ్లు బిర్యానీ ఎక్స్‌పెక్ట్ చేస్తన్నారు. నానమ్మ సాఫ్ మనా కర్ దియా" అని నవ్వింది.

"బిర్యానీ ఎక్కడైనా తింటార్రా. మన పులుసు ఎక్కడ తింటారు?" అంది కన్నమ్మ గారు. నేను చింతపండు బుట్ట తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ ఒక రెబ్బ తీసి వాసన చూసింది. "మంచి సరుకు" అంది. ఇంకేమీ అనలేదు.

మరమరాలు ఒకటీ అరా నములుతూ ఆ సాయంత్రం పాత సంగతులు నెమరేసుకున్నాం. క్రిస్మస్ మర్నాటి ఆదివారం పొద్దున్న ఇడ్లీ పాత్ర పొయ్యి మీంచి జారి పడటం, నేను ఎవరో తోశారనుకుని వెనక్కి తిరిగి తిట్టడం, గోడ పగలడం చూసి భూకంపమని రోడ్డు మీదికి పరుగెత్తడం. నీళ్లు మా బస్తీ దాకా రాలేదు. కబురు మాత్రం గంటగంటకీ వచ్చింది. తర్వాత కింద నికోబారు దీవుల నుంచి ఓడల్లో మనుషులు రావడం మొదలైంది. కట్టుబట్టలతో వచ్చారు. కొందరికి చెప్పులు కూడా లేవు. దగ్గర్లోని స్కూల్లో క్యాంపు పెట్టారు. మొదటి ఓడ వచ్చిందని తెలియగానే కన్నమ్మ గారు అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "ఓడ దిగినోళ్లు. చారు పెట్టరా." ఆ రోజు నుంచి మూడు వారాలు హోటల్లో అమ్మకమన్నది లేదు. గిన్నెలన్నీ క్యాంపులోనే. ఆ మూడు వారాలు నేనూ ఉన్నాను. అది నా జీవితంలో నేను గర్వంగా చెప్పుకునే మూడు వారాలు. నాలుగో వారంలో నేను లేను.

అక్కడికొచ్చేసరికి ఇద్దరం మాట మార్చేశాం.

మచ్చు గిన్నె

విందుకి ముందురోజు ఉదయం మచ్చుకి ఒక గిన్నె పులుసు పెట్టాను. సుర్మయి, అంటే మన వంజరం. ఉల్లిపాయ ముద్ద, దంచిన ధనియాలు, వెల్లుల్లి, చిక్కటి చింతపండు రసం. నూనె పైకి తేలేదాకా మరగనిచ్చాను. నాకే ముచ్చటేసింది. చుట్టుపక్కల పాత గిరాకీలని పింకీ పిలుచుకొచ్చింది. పదిమంది దాకా వచ్చారు. కూచున్నారు. తిన్నారు.

ఎవరూ మాట్లాడలేదు.

వంటవాడికి ఉప్పెక్కువైందని చెబితే భరించగలడు. ఊరుకుంటే భరించలేడు. "ఎలా ఉంది?" అన్నాను. ఒకాయన గడ్డం తుడుచుకుని, "అచ్ఛా హై మాస్టర్, బహుత్ అచ్ఛా" అన్నాడు. పక్కావిడ నసిగింది. "బాగుంది అన్నయ్యా. పర్... హోటల్‌వాలా నహీ హై."

హోటల్‌ది కాదా? తొమ్మిదేళ్లు ఆ హోటల్లో పులుసు పెట్టింది ఎవరు? "మీ నాలుకలు మొద్దుబారాయి. నాలుగేళ్లు హోటల్ లేకపోయేసరికి రుచి మర్చిపోయారు" అనేశాను. కన్నమ్మ గారు కుర్చీలోంచి కసురుకుంది. "తినడానికొచ్చినోళ్లని అంటావేట్రా!"

"మరి మీరు చెప్పండత్తా, ఏం తక్కువైంది?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. "సిప్పీఘాట్ ఎళ్లి హమీద్ కాకాని అడుగు" అంది. "ఎళ్లేటప్పుడు పెద్ద బుట్ట పట్టుకెళ్లు."

సిప్పీఘాట్

పింకీ స్కూటీ వెనక కూచుని వెళ్లాను. నాకు తెలిసిన సిప్పీఘాట్ రోడ్డుకి అటూ ఇటూ వరి చేలు. ఇప్పుడు అక్కడ నీళ్లున్నాయి. సునామీతో నేల కిందికి దిగిపోయింది, సముద్రం లోపలికొచ్చి మళ్లీ వెళ్లలేదు. ఎండిన చెట్ల మోడులు నీళ్లలోంచి నిలబడి ఉన్నాయి. కొంగలు తిరుగుతున్నాయి. ఒకప్పుడు నేను ఈ చేలగట్ల మీద కూచుని బీడీ కాల్చాను.

హమీద్ కాకా ఇల్లు కొంచెం మెరక మీద ఉంది. మలబారు నుంచి వచ్చిన కుటుంబం. హోటల్‌కి బియ్యం, కూరగాయలు ఇచ్చేవాడు. బాగా ముసలివాడైపోయాడు. పెరట్లో నాలుగైదు చెట్లు, మొద్దుకే గుత్తులు గుత్తులుగా ఆకుపచ్చటి కాయలు, ఒక్కోటి వేలెడంత. బిలింబి. కొరికితే దవడలు పట్టేసే పులుపు.

"అప్పారావ్! తుమ్ తో భాగ్ గయే థే" అన్నాడు నన్ను చూడగానే. పారిపోయావు కదూ అని. పదిహేడేళ్లుగా ఎవరూ అనని మాట ఈయన గుమ్మంలోనే అనేశాడు. నవ్వుతూ అన్నాడు కాబట్టి బతికాను.

టీ ఇచ్చి, హిందీలో తీరిగ్గా చెప్పాడు. నేను వెళ్లిపోయేనాటికి దీవుల్లో ఎవరూ చేప ముట్టడం లేదు. సముద్రం మనుషుల్ని తీసుకుంది, ఆ చేపని ఎలా తింటాం అని. నాకూ గుర్తే, నేను ఉన్నన్నాళ్లూ క్యాంపులో పప్పూ కూరగాయలే. జాలర్లు వలలు ఒడ్డున పడేసి కూచున్నారు. వాళ్ల పొయ్యిలు కూడా ఆరిపోయాయి. చింతపండు బస్తీలో ఎక్కడా లేదు, ఓడలన్నీ సహాయం పనుల్లో ఉన్నాయి. అప్పుడు కన్నమ్మ గారు ఒక రోజు ఈయన పెరట్లో బిలింబి కోయించుకుని, ఒక జాలరి దగ్గర చేప కొని, పులుసు పెట్టి క్యాంపుకి మోయించుకుని వెళ్లింది. అందరి ముందూ నేల మీద కూచుంది. ముందు తనే తింది. మొత్తం కంచం తింది.

"ఉస్‌నే కహా, సముందర్ సే రూఠ్ కే కహా జాయేంగే?" అన్నాడు కాకా. సముద్రం మీద అలిగి ఎక్కడికి పోతాం అందట. నికోబారు వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన లేచి వచ్చి ఆవిడ పక్కన కూచుని కంచం చాపాడు. తర్వాత ఇంకొకరు. ఆ సాయంత్రానికి గిన్నె ఖాళీ అయింది. ఆ వారంలోనే వలలు మళ్లీ నీళ్లలో పడ్డాయి.

"మరి చింతపండు వచ్చాక?" అన్నాను.

"చింతపండు వచ్చింది. కన్నమ్మ మాత్రం బిలింబి మానలేదు. నా పొలం చూశావుగా, అటుంది" అని నీళ్ల వైపు చెయ్యి చూపించాడు. "అమ్ముకోవడానికి నాకు మిగిలింది ఈ చెట్లే. హోటల్ మూసేదాకా రోజూ బుట్ట తెప్పించుకుంది. ఒక్కసారి అడిగాను, నా కోసమా అని. మీద పడి తిట్టింది. రుచి బాగుంది కాబట్టి కొంటున్నాను, నీ మొహం చూసి కాదు అంది."

పింకీ కళ్లు తుడుచుకుంటోంది. నేను బుట్ట తీసుకుని చెట్టు దగ్గరికి వెళ్లాను. ఇన్నేళ్లూ నేను ఊరూరా చెప్పుకున్న గొప్పలో అసలు గొప్ప లేదని తెలిసింది. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, అలాంటి మనిషి చేతి కింద తొమ్మిదేళ్లు పనిచేశానని ఛాతీ పొంగింది. రెండూ నిజమే. కాకా కాయలకి డబ్బు తీసుకోనన్నాడు. హోటల్ పద్ధతి తప్పకూడదని చెప్పి చేతిలో పెట్టాను.

విందు

పొద్దున్నే పెరట్లో మూడు పెద్ద గిన్నెలు ఎక్కించాం. కన్నమ్మ గారి కుర్చీని పొయ్యిల పక్కకి జరిపించాను.

"చెప్పండత్తా. నాకు రాదు."

పాతికేళ్లలో ఒక పొయ్యి ముందు నిలబడి నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆవిడ ఆశ్చర్యపోయినట్టు కూడా కనబడలేదు. "సగం కాయలు ఉప్పేసి దంచు. రసం పిండీసి ముందు గిన్నెలో పొయ్యి. మిగతా సగం నిలువుగా చీరి ఉంచు. అవి ఇప్పుడు కాదు. చేప ఏసినాక."

"మొన్ననే ఎందుకు చెప్పలేదు?"

"పది కిలోల చింతపండు మోసుకొచ్చినావు. మొహం మీద ఎలా సెప్తాన్రా? ఊరే సెప్తాది అనుకున్నాను. సెప్పింది కదా."

నా నోరు ఊరుకోలేదు. మరుగుతున్న గిన్నెలోకి చూస్తూ అన్నాను. "అత్తా, ఆ రోజు నేను వెళ్లిపోకుండా ఉండాల్సింది."

"గరిటె తియ్యి. ముక్కలు విరిగిపోతాయి" అంది ఆవిడ. "గుడ్డతో గిన్నె పట్టుకుని తిప్పు. గరిటె పెట్టకు."

గుడ్డతో గిన్నె పట్టుకుని తిప్పాను. చీరిన కాయలు వేసి, మూత పెట్టి, మంట తీసేశాం. మూత తీసినప్పుడు వచ్చిన వాసన నేను ఎప్పుడూ ఎరగనిది. చింతపండు పులుపు గొంతులో దిగి కూచుంటుంది. ఇది నాలుక మీదే లేచి నిలబడింది.

మధ్యాహ్నం షామియానా కింద మూడు వందల మంది. అరిటాకులు దొరకలేదు, కాగితపు విస్తళ్లు. మొదటి పంక్తిలో నిన్నటి పదిమందీ ఉన్నారు. వడ్డిస్తూ వాళ్ల వైపు చూడలేకపోయాను. నిన్న నేను కసిరినావిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. తర్వాత చెయ్యి ఎత్తి నన్ను పిలిచింది. "భయ్యా, ఔర్ దో" అంది. పక్కాయన విస్తరి ముందుకి తోశాడు. హమీద్ కాకా చివర్లో కూచుని మూడుసార్లు వేయించుకున్నాడు. క్యాంపులో ఆ రోజు తిన్నవాళ్లలో ఒకామె, ఇప్పుడు ఇక్కడే స్థిరపడినావిడ, లేచి వెళ్లి కన్నమ్మ గారి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

రెండో పంక్తిలో పెళ్లికొడుకు తరఫువాళ్లు. పెళ్లికొడుకు తండ్రి మొదట అనుమానంగా ఒక ముక్క వేయించుకున్నారు. తర్వాత ఆగలేదు. చేతికి అంటిన పులుసు కూడా వదలకుండా, కన్నమ్మ గారి వైపు తిరిగి అడిగారు.

"ఇలాంటి పులుసు మా గోదావరి జిల్లాలో కూడా తినలేదండీ. కేటరర్ ఎవరండీ? ఎక్కడివాడు?"

నేను గిన్నె పట్టుకుని అక్కడే ఉన్నాను. విశాఖపట్నం నుంచి వచ్చానని చెబుదామని నోరు తెరిచాను. కన్నమ్మ గారు నాకంటే ముందు అందుకుంది. నా వైపు చూడను కూడా లేదు.

"కేటరరేటి బాబూ! వాడు మా హోటలోడు."

"మీకు హోటలుందా? చెప్పనే లేదు. ఎక్కడండీ?"

"మూసీసినాం" అంది ఆవిడ, తల ఎత్తి, ఏదో పెద్ద కొలువు నుంచి రిటైరైనట్టు. "ఒరే అప్పారావూ, వియ్యంకుడు గారికి ఇంకో ముక్క ఎయ్యి."

కళ్లనిండా నీళ్లతో విస్తరి సరిగ్గా కనబడలేదు. అయినా ముక్క విరక్కుండా వేశాను.